పాత ఫోటోలో రైలు సిగ్నలు: ఏ చోటిది? ఏ కాలానిది?

"సిగ్నలు పడింది! సామాన్లు సర్దుకోండి!"

పూర్వం మన రైల్వే స్టేషన్లలో ఈ మాట తరచుగా వినపడేది. మీ తాతగారినో, అమ్మమ్మగారినో అడగండి, చెబుతారు. స్టేషనుకు కాస్త దూరంలో ఎత్తయిన స్తంభానికి ఒక ఎర్రని చెయ్యి అడ్డంగా చాపి ఉండేది. అది అడ్డంగా ఉన్నంతసేపూ రైలు లోపలికి రావడానికి వీల్లేదు. చెయ్యి కిందికి వాలిందంటే దారి ఇచ్చారన్నమాట! అందుకే "సిగ్నలు పడింది" అంటే "రైలొస్తోంది" అని అర్థం.

ఇప్పుడు మీకొక చిక్కు ప్రశ్న. అమెరికాలో తీసిన ఒక పాత ఫోటో మీ చేతికి వచ్చిందనుకోండి. అందులో రెండు రైలు మార్గాలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతున్నాయి. పక్కనే రెండంతస్తుల చెక్క ఇల్లు. పై అంతస్తుకు అన్ని వైపులా కిటికీలు. ముందు ఒక స్తంభం. దాని చెయ్యి ఏటవాలుగా పైకి లేచి ఉంది. దూరంగా పొగ వదులుతూ ఒక ఆవిరి ఇంజను. ఫోటో వెనక ఎవరో పెన్సిలుతో "1890" అని రాశారు. ఊరి పేరు లేదు.

ఆ చెయ్యి రైలును ఆగమంటోందా, రమ్మంటోందా? ఆ 1890 నిజమేనా?

అడగడానికి ఆ ఫోటో తీసినవారు లేరు. అయినా ఫరవాలేదు. జవాబు ఆ ఫోటోలోనే ఉంది. దాన్ని ఎలా చదవాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

ఆ ఇల్లు ఎవరిది?

మొదట ఆ ఇంటి సంగతి తేల్చుకుందాం. రైలు పట్టాల పక్కన కనిపించే ప్రతి కట్టడమూ స్టేషను కాదు. స్టేషనుకు ప్లాట్‌ఫారం ఉంటుంది, ప్రయాణికులు కూర్చునే చోటు ఉంటుంది. నీళ్ళ ట్యాంకు అయితే కాళ్ళ మీద నిలబెట్టిన గుండ్రని తొట్టిలా ఉండి, ఇంజనులోకి నీళ్ళు వదిలే గొట్టం పక్కకు వేలాడుతూ ఉంటుంది. మన ఫోటోలోని ఇంటికి ఇవేవీ లేవు. చిన్నదైనా ఎత్తుగా ఉంది. పైనున్న మనిషికి నాలుగు దిక్కులా పట్టాలు కనబడాలని అన్ని వైపులా కిటికీలు పెట్టారు. ఇలాంటి దాన్ని మనదేశంలో "కేబిన్" అంటాం. అమెరికాలో "టవర్" అంటారు.

పై అంతస్తులో మనిషంత ఎత్తున్న ఇనుప లీవర్లు వరుసగా నిలబడి ఉంటాయి. కొన్ని లీవర్లు పట్టాలను అటూ ఇటూ జరిపి రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్ళిస్తాయి. పట్టాలు అలా జరిగే చోటును మనం "పాయింట్లు" అంటాం. మిగిలిన లీవర్లు సిగ్నళ్ళను కదిలిస్తాయి. మరి కింది అంతస్తులో ఏముంది? అసలు గుట్టంతా అక్కడే ఉంది.

ఎనిమిదిలో నాలుగు

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక రైలు మార్గం ఒకచోట ఎడమకూ కుడికీ చీలిందనుకోండి. పాయింట్ల కోసం ఒక లీవరు. ఎడమ దారికి ఒక సిగ్నలు, కుడి దారికి ఒక సిగ్నలు. మొత్తం మూడు లీవర్లు. ఒక్కొక్క లీవరు రెండు విధాలుగా ఉండగలదు. అంటే మొత్తం 2 × 2 × 2 = 8 అమరికలు.

ఈ ఎనిమిదీ క్షేమమైనవేనా? కావు. పాయింట్లు ఎడమకు ఉంటే ఎడమ సిగ్నలు మాత్రమే దారి ఇవ్వవచ్చు, లేదా రెండు సిగ్నళ్ళూ ఆపివేసి ఉండవచ్చు. పాయింట్లు కుడికి ఉన్నప్పుడూ ఇంతే. అంటే నాలుగే మంచివి. మిగతా నాలుగింటిలో ఏది జరిగినా డ్రైవరుకు తప్పు కబురు అందుతుంది. 20 లీవర్లుంటే అమరికలు 10,48,576! నిద్ర కళ్ళతో, వర్షపు రాత్రి, ఒక మనిషి వీటిలో మంచిచెడ్డలు గుర్తుంచుకోగలడా?

అందుకే ఆ పని మనిషి జ్ఞాపకశక్తికి వదిలిపెట్టకుండా ఇనుముకే అప్పగించారు. ఒక లీవరు లాగితే, దానికి విరుద్ధమైన లీవర్లకు లోపల గొళ్ళెం పడిపోతుంది. ఎంత బలంగా లాగినా అవి రావు! దీన్ని ఇంటర్‌లాకింగ్ అంటారు. ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ 1856లో ఇటువంటి ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. అమెరికాకు ఇది 1870ల్లో చేరింది. కాబట్టి అమెరికా ఫోటోలో ఇలాంటి టవరు కనబడితే అది 1870కి ముందుది కాదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. చూశారా, అప్పుడే ఒక ఆనవాలు దొరికింది!

ఇక టవరు అడుగున చూడండి. అక్కడి నుంచి ఇనుప గొట్టాలు బారులుగా బయటికి వచ్చి, చిన్న చక్రాల మీదుగా పట్టాల పక్కనే సాగిపోతున్నాయా? అయితే అక్కడ మనిషి కండబలంతోనే పాయింట్లు కదులుతున్నాయి. గొట్టాలు లేవా? అయితే గాలి ఒత్తిడితోనో, విద్యుత్తుతోనో నడిచే ఏర్పాటు కావచ్చు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1881లో స్థాపించిన యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కంపెనీ ఇలాంటి యంత్రాలకు పేరు పొందింది.

టవరు గోడ మీద బోర్డు ఉంటే భూతద్దం పెట్టి చదవండి. చాలా టవర్లకు ఊరి పేరు బదులు టెలిగ్రాఫులో పిలుచుకునే రెండు మూడు అక్షరాలే రాసేవారు. టెక్సాస్ రాష్ట్రంలో అయితే టవర్లకు నంబర్లు ఇచ్చారు. ఆ రాష్ట్రంలోని రోజెన్‌బర్గ్ ఊళ్ళో 17వ నంబరు టవరు 2004 దాకా పనిచేసింది. తర్వాత దాన్ని అక్కడి రైల్వే మ్యూజియానికి తరలించారు. ఇలాంటి ఒక్క అంకె స్పష్టంగా కనబడితే చాలు, ఊరు దొరికినట్లే.

బంతి నుంచి చేతికి

ఇప్పుడు సిగ్నలు స్తంభం దగ్గరికి వద్దాం. అమెరికాలో తొలినాటి సిగ్నళ్ళలో ఒకటి బంతి. ఎత్తయిన స్తంభానికి తాడు కట్టి, జెండా ఎగరేసినట్లు పెద్ద బంతిని పైకి లాగేవారు. చాలాచోట్ల బంతి పైన ఉంటే పొమ్మని అర్థం. వేగంగా వెళ్ళమనడానికి అమెరికా రైల్వే వాళ్ళు ఇప్పటికీ "హైబాల్" అనే మాట వాడతారు. హైబాల్ అంటే ఎత్తున ఉన్న బంతి అనేగా!

తర్వాత 1870ల నుంచి కొన్ని మార్గాల్లో హాల్ సిగ్నలు వచ్చింది. స్తంభం మీద గుండ్రని పెట్టె, దానికి గాజు కిటికీ, లోపల విద్యుదయస్కాంతం కదిలించే ఎర్రని బిళ్ళ. చూడటానికి బాంజో అనే తీగల వాయిద్యంలా ఉంటుంది. అందుకే దాన్ని "బాంజో సిగ్నలు" అనేవారు. పాత ఫోటోలో ఇది కనబడితే ఎవరూ పొరబడరు.

చెయ్యి చాపే సిగ్నలు పేరు సెమాఫోర్. దీన్ని 1840ల ఆరంభంలో ఇంగ్లండులో చార్ల్స్ హటన్ గ్రెగరీ అనే ఇంజనీరు రైళ్ళకు వాడాడు. అంతకుముందు ఫ్రాన్సులో క్లాడ్ షాప్ కొండల మీద కొయ్య చేతులు నిలబెట్టి, వాటిని రకరకాలుగా వంచి దూరప్రాంతాలకు వార్తలు పంపాడు. ఆ ఆలోచనే రైలు పట్టాల దగ్గరికి వచ్చింది. అమెరికాలో కూడా మొదట వచ్చిన చేతులు మన పాత సిగ్నళ్ళలాగే కిందికి వాలేవి. అడ్డంగా ఉంటే ఆగు, కిందికి వాలితే పో.

మరి మన ఫోటోలో చెయ్యి పైకి ఎందుకు లేచింది?

మంచు నేర్పిన పాఠం

1876 జనవరి 21న ఇంగ్లండులోని అబ్బాట్స్ రిప్టన్ అనే చోట మంచు తుఫాను వీస్తోంది. ఆ రోజుల్లో అక్కడి సిగ్నలు చెయ్యి వాలినప్పుడు స్తంభంలోని చీలికలోకి దూరిపోయేది. చెయ్యి కనబడకపోతే దారి ఉన్నట్లు లెక్క. ఆ సాయంత్రం చీలికలో మంచు గడ్డకట్టింది. టవరులో మనిషి లీవరును ఆగమనే వైపుకే తిప్పాడు. కాని చెయ్యి బయటికి రాలేదు. స్కాట్లండు నుంచి వస్తున్న ఎక్స్‌ప్రెస్ రైలు దారి ఉందనుకుని వచ్చి, పక్కకు తప్పుకుంటున్న బొగ్గు రైలును ఢీకొంది. కాసేపటికి ఎదురు వైపు నుంచి మరో ఎక్స్‌ప్రెస్ ఆ శిథిలాల మీదికి వచ్చి పడింది. పదిమందికి పైగా చనిపోయారు.

ఇక్కడ డ్రైవరు తప్పు లేదు. సిగ్నలు చెడిపోయింది. చెడిపోయినప్పుడు అది "ఆగు" అనకుండా "రా" అంది. తప్పంతా అక్కడే ఉంది.

సిగ్నలు ఎప్పటికీ చెడిపోకుండా చేయడం ఎవరి తరమూ కాదు. తీగ తెగుతుంది, మంచు కడుతుంది, గాజు పగులుతుంది. కాని చెడిపోతే అది రైలును ఆపే వైపుకే చెడిపోవాలి. సిగ్నళ్ళ చరిత్ర అంతా ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుంది. ఈ సూత్రం గుర్తుంటే ఏ ఫోటోనైనా చదవగలరు.

కిందికి వాలే చెయ్యి చూడండి. తీగ తెగితే చెయ్యి తన బరువుకు తానే వాలి "రా" అనే ప్రమాదం ఉంది. అలా జరగకుండా రెండో వైపున, దీపపు అద్దాలుండే చోట, బరువైన ఇనుము పెట్టేవారు. అది చేతిని అడ్డంగా నిలిపి ఉంచేది. కాని చేతి మీద మంచు పేరుకుని బరువెక్కితే? మళ్ళీ అదే భయం.

అందుకని 1900 తర్వాతి పదేళ్ళలో అమెరికాలో ఇంజనీర్లు చేతిని తలకిందులు చేశారు. అడ్డంగా ఉంటే ఆగు. ఏటవాలుగా పైకి లేస్తే జాగ్రత్తగా రా, ముందు సిగ్నలు దగ్గర ఆగవలసి రావచ్చు. నిటారుగా లేస్తే దారి ఉంది. ఇప్పుడు తీగ తెగినా, మంచు పడినా, చెయ్యి కిందికి దిగి అడ్డంగా నిలుస్తుంది. అంటే రైలు ఆగుతుంది. భూమ్యాకర్షణ ఎప్పుడూ సెలవు పెట్టదు కదా!

ఇక మొదటి చిక్కు విడిపోయింది. మన ఫోటోలోని చెయ్యి రైలును జాగ్రత్తగా రమ్మంటోంది. ఆ స్తంభం దగ్గర నిలబడి మన తాతగారు "సిగ్నలు పడింది" అని ఉంటే, రైలు ఆగిపోయినట్లే! మనదేశంలోనూ తర్వాత కొన్ని మార్గాల్లో పైకి లేచే చేతులు పెట్టారు.

టవరు కనుచూపు మేరలో లేకుండా ఒంటరిగా నిలబడ్డ సిగ్నళ్ళు కూడా కనిపిస్తాయి. వాటిని రైలే నడుపుతుంది. విలియం రాబిన్సన్ అనే అమెరికన్ 1872లో దీనికి పేటెంటు పొందాడు. రెండు పట్టాల గుండా బలహీనమైన కరెంటు పంపుతారు. రైలు వచ్చినప్పుడు చక్రాలు, ఇరుసులు ఆ కరెంటుకు అడ్డదారి చూపిస్తాయి. కరెంటు సిగ్నలుకు చేరదు, సిగ్నలు ఆగమంటుంది. పట్టా విరిగినా, బ్యాటరీ అయిపోయినా కరెంటు చేరదు. అప్పుడూ ఆగమనే అంటుంది. చూశారుగా, మళ్ళీ అదే సూత్రం!

దీపాలను ఎలా గుర్తించాలి?

రాత్రిపూట చెయ్యి కనబడదు కాబట్టి దానికి దీపం, రంగు అద్దాలు అమర్చారు. మొదట్లో ఎరుపు అంటే ఆగు, తెలుపు అంటే పో. ఇందులో ఉన్న ప్రమాదం మీరే చెప్పండి చూద్దాం. ఎర్ర అద్దం పగిలి రాలిపోతే లోపలి దీపం తెల్లగా కనిపిస్తుంది. అంటే చెడిపోతే "పో" అంటుంది! అందుకే తెలుపును తీసేసి, పొమ్మనడానికి ఆకుపచ్చను, జాగ్రత్త చెప్పడానికి పసుపును తెచ్చారు.

నలుపు తెలుపు ఫోటోలో రంగులు తెలియవు. అయినా అద్దాలను లెక్కపెట్టవచ్చు. చేతి మొదట్లో మూడు అద్దాలుంటే ఆ సిగ్నలు మూడు మాటలు చెబుతుంది. రెండే ఉంటే రెండు మాటలు.

చేతులే లేని సిగ్నలు కూడా ఉంటుంది. 1915లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ సంస్థ ఫిలడెల్ఫియా దగ్గర తన మార్గాన్ని విద్యుదీకరించింది. తీగలు మోసే స్తంభాల మధ్య సిగ్నలు చేతులు సరిగా కనబడవు. అందుకని ఒకే లేత పసుపు రంగు దీపాలను వరుసగా పెట్టారు. వరుస అడ్డంగా వెలిగితే ఆగు, ఏటవాలుగా వెలిగితే జాగ్రత్త, నిలువుగా వెలిగితే పో. చెయ్యి చేసే పనినే దీపాలు చేశాయి. మొదటివాటిలో వరుసకు నాలుగు దీపాలు, తర్వాతి వాటిలో మూడు. ఇది మనకు ఎంత మేలు చేసిందో చూడండి! దీని భాష రంగు కాదు, ఆకారం. అందువల్ల నలుపు తెలుపు ఫోటోలో కూడా చదవవచ్చు. పైగా అలాంటి సిగ్నలు కనబడగానే "ఇది పెన్సిల్వేనియా వారి మార్గం కాబోలు, 1915కి ముందుది మాత్రం కాదు" అని ఊహించవచ్చు.

ఫోటో చేసే మోసాలు

ఫోటో అబద్ధం చెప్పదంటారు గాని, తొందరపడే వాణ్ణి తప్పుదారి పట్టించగలదు. మూడు విషయాలు గుర్తుంచుకోండి.

ఒకటి: పాత గాజు ప్లేట్లకు ఎరుపు రంగు పట్టేది కాదు. ఎర్రని చెయ్యి ఫోటోలో నల్లగా పడుతుంది. పసుపు కూడా ఉన్నదానికన్నా ముదురుగా పడవచ్చు. నల్లగా ఉంది కదా అని నల్ల రంగు వేశారనుకోకండి.

రెండు: నెగెటివ్‌ను తిరగేసి అచ్చు వేస్తే కుడి ఎడమ అవుతుంది. ముందుగా ఇంజను మీది అంకెలు, బోర్డుల మీది అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత చెయ్యి చూడండి. ఎదురుగా వచ్చే డ్రైవరుకు అమెరికాలో చెయ్యి స్తంభానికి కుడివైపున కనిపిస్తుంది. ఇంగ్లండులోనూ మనదేశంలోనూ ఎడమవైపున. అయితే స్తంభాన్ని వెనక నుంచి ఫోటో తీస్తే ఇది తారుమారవుతుంది. అక్షరాలు చూడకుండా తీర్పు చెప్పవద్దు.

మూడు: పాత వస్తువు ఉన్నంత మాత్రాన ఫోటో పాతది కాదు. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని వైట్‌ఫీల్డ్ దగ్గర బంతి సిగ్నలు డీజిలు ఇంజన్ల కాలంలో కూడా నిలిచి ఉంది. బంతిని చూసి "ఇది 1840 నాటిది" అంటే నవ్వులపాలవుతాం. కాబట్టి ఈ నియమం రాసి పెట్టుకోండి: ఫోటోలోని వస్తువులన్నిటిలో అన్నిటికన్నా కొత్తది ఏదో వెతకండి. ఫోటో దానికంటే పాతది కాలేదు.

ఇక తీర్పు చెబుదాం

మన ఫోటోను మళ్ళీ చేతిలోకి తీసుకుందాం. టవరు ఉంది కాబట్టి 1870 తర్వాతది. పైకి లేచే చెయ్యి ఉంది కాబట్టి 1900 తర్వాతది. ఆవిరి ఇంజను మామూలు పనిలో ఉంది కాబట్టి సుమారు 1960కి ముందుది. అమెరికా ప్రధాన మార్గాల్లో ఆవిరి ఇంజన్లు అప్పటికి ముగిసిపోయాయి. భూతద్దంతో చూస్తే టవరు వెనక రోడ్డు మీద ఫోర్డ్ మోడల్-టి కారు కనబడిందనుకోండి. దాన్ని 1908 నుంచి 1927 దాకా తయారుచేశారు. అంటే ఫోటో 1908కి ముందుది కాదు.

మరి వెనక రాసిన 1890? ఫోటో తీసిన ఏడాది మాత్రం అది కాదు. అలాగని రాసినవారిని వెక్కిరించకండి. ఆ టవరు కట్టిన ఏడాది కావచ్చు. రాసినవారు తమకు తెలిసింది రాశారు. దేని గురించి రాశారో చెప్పలేదు, అంతే.

"1908కి తర్వాత, 1960కి ముందు." ఇంతేనా అని మీరు నిరుత్సాహపడవచ్చు. కాని ఊహించి చెప్పిన కచ్చితమైన ఏడాది కంటే, కారణం చూపించగల రెండు హద్దులే మేలు. రేపు మరో ఆనవాలు దొరికితే ఆ హద్దులు దగ్గరవుతాయి.

ఇవన్నీ ఇప్పుడే ఎందుకు నేర్చుకోవాలి? ఆ టవర్లు మాయమైపోతున్నాయి కాబట్టి. పెన్సిల్వేనియాలోని ఆల్టూనా ఊళ్ళో "ఆల్టో" టవరు 2012లో మూతపడింది. ఎక్కడో దూరాన కూర్చుని కంప్యూటరు మీద సిగ్నళ్ళు నడుపుతున్నారు. మనదేశంలోనూ చేతుల సిగ్నళ్ళ స్థానంలో రంగు దీపాలు వచ్చాయి. లీవరు లాగిన మనుషులు వృద్ధులయ్యారు. ఇక మిగిలేవి ఫోటోలే.

మీరే చేసి చూడండి

1. దళసరి అట్టతో ఒక స్తంభం, రెండు చేతులు కత్తిరించండి. చేతులను గుండుసూదులతో స్తంభానికి వదులుగా గుచ్చండి. ఒక చేతిని దారం లాగితే కిందికి వాలేటట్లు, రెండోదాన్ని దారం లాగితే పైకి లేచేటట్లు అమర్చండి. మొదటిదానికి రెండో వైపున కాస్త మట్టి అంటించి బరువు పెట్టండి. పైకి లేచేది అడ్డంగా ఆగడానికి కింద ఒక సూది అడ్డం గుచ్చండి. ఇప్పుడు రెండు చేతుల కొసల మీదా తడిమట్టి పెట్టండి. ఇదే మన మంచు! దారాలు వదిలేయండి. ఏది ఆగమంది? ఏది రమ్మంది?

2. మూడు లీవర్ల ఎనిమిది అమరికలనూ కాగితం మీద రాసి, ప్రమాదకరమైన నాలుగింటిని కొట్టివేయండి.

3. ఇంట్లో పాత ఫోటోలు తీయండి. రైలు ఉండనక్కర్లేదు. సైకిలు, రేడియో, గోడ మీది క్యాలెండరు ఏదైనా ఆనవాలే. ఫోటోలో అన్నిటికన్నా కొత్త వస్తువు ఏదో పెద్దలను అడిగి తెలుసుకోండి. తర్వాత ఫోటో వెనక మెత్తని పెన్సిలుతో నెమ్మదిగా ఊరు, మనుషుల పేర్లు, ఏడాది రాయండి. ఆ ఏడాది మీకెలా తెలిసిందో కూడా ఒక్క ముక్క రాయడం మరచిపోకండి. యాభై ఏళ్ళ తర్వాత దాన్ని చేతిలోకి తీసుకునే పిల్లలకు మీరు పెట్టే సిగ్నలు అదే!